మైపాడులో అమ్మ నడక

చెప్పులు చేతిలో పట్టుకుని అమ్మ నాకంటే ముందు నడుస్తోంది. మోకాళ్ల నొప్పులంటూ పొద్దున బస్సెక్కే ముందు గొణిగిన మనిషే!

పొడి ఇసుకలో పది అడుగులకే ఆయాసపడింది. అల తడిపి వెళ్లిన గట్టి ఇసుక మీదికి రాగానే నడక కుదిరింది. అక్కడ ఒక పీత బొరియ చుట్టూ చిన్న చిన్న ఇసుక ఉండలు. "ముగ్గు పెట్టింది చూడరా" అంటూ వంగి చూసింది. ఇంట్లో కింద పడిన గరిటె తీయడానికి మాత్రం నన్నే పిలుస్తుంది.

నెల్లూరు నుంచి ఇక్కడికి సుమారు 25 కిలోమీటర్లే. ఇన్నేళ్లూ నడక అంటే పెంచలకోన జలపాతం దగ్గర బండరాళ్లు ఎక్కడమే అనుకుని, ఆమెను గుడి దగ్గరే కూర్చోబెట్టి వెళ్లేవాణ్ణి. పాపం, ఎన్నిసార్లో.

సరుగుడు చెట్ల నీడలో కూర్చుని కాళ్ల ఇసుక దులుపుకుంటూ అడిగింది: "పెంచలకోనలో వాగు దాకా అయినా నేను నడవగలను కదా?"

వచ్చే ఆదివారం అన్నాను.