గెలిచినవాడికే బరువెక్కువ

సంచికకి ఏదైనా రాయమని మన బ్యాచ్ వాళ్లు అడిగినప్పుడు స్కూలు రోజుల గురించి రాయాలా, ఇప్పుడు చేస్తున్న పని గురించి రాయాలా అని ఆలోచించాను. రెండింటికీ మధ్యలో మన ఫిజిక్స్ సార్ ఉన్నారు కాబట్టి కలిపే రాస్తున్నాను.

నేను ఒక టూరింగ్ కార్ రేసింగ్ టీమ్‌లో డేటా ఇంజనీరుని. రేసింగ్ అనగానే అందరికీ ఫార్ములా వన్ గుర్తొస్తుంది, ఇది వేరు. మామూలుగా రోడ్డు మీద తిరిగే ఫ్యామిలీ కారు బాడీనే తీసుకుని, లోపల సీట్లూ కార్పెట్లూ అన్నీ పీకేసి, డ్రైవరుని కాపాడటానికి స్టీలు గొట్టాలతో కేజ్ వెల్డ్ చేసి, ఒక్క డ్రైవరు కూర్చునేలా తయారు చేస్తారు. చక్రాలు బాడీ లోపలే ఉంటాయి కాబట్టి కార్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ, తలుపుకి తలుపు తగులుతూ కూడా పరుగు ఆపవు. బ్రిటన్‌లో ఈ కార్ల ఛాంపియన్‌షిప్ 1958 నుంచి ఉంది. 2015లో వచ్చిన టీసీఆర్ అనే టూరింగ్ కార్ల రూల్స్ వల్ల ఇప్పుడు చాలా దేశాల్లో దాదాపు ఒకే తరహా కార్లు పరిగెడుతున్నాయి: రెండు లీటర్ల టర్బో ఇంజను, సుమారు 350 హార్స్‌పవర్, పవరంతా ముందు చక్రాలకే.

ఇందులో నాకు అన్నిటికంటే నచ్చిన రూలు ఒకటుంది. గెలిచినవాడి కారులో బరువు పెడతారు. ప్యాసింజర్ సీటు ఉండాల్సిన చోట నేలకి బోల్టులతో బిగించిన పెట్టె ఉంటుంది, అందులోకి లోహపు పలకలు దిగుతాయి. ఎంత బాగా నడిపితే తర్వాతి రేసుకి అన్ని ఎక్కువ కిలోలు. బ్రిటిష్ ఛాంపియన్‌షిప్‌లో 2021 దాకా ఇదే పద్ధతి, 2022లో బరువు తీసేసి ముందున్నవాడికి హైబ్రిడ్ పవర్ (ఇంజనుకి తోడుగా ఎలక్ట్రిక్ మోటారు ఇచ్చే బలం) తగ్గించడం మొదలుపెట్టారు, 2025లో హైబ్రిడ్ కూడా పోయి ఆ లెక్క టర్బో బూస్ట్ (టర్బో నుంచి వచ్చే అదనపు బలం) మీదికి వచ్చింది. చాలా చోట్ల ఇప్పటికీ బరువే.

తొమ్మిదో తరగతో పదో తరగతో, సార్ బోర్డు మీద మలుపు తిరిగే బండి లెక్క చేస్తున్నారు. సమీకరణంలో రెండు వైపులా ద్రవ్యరాశి కొట్టేసుకుపోయింది, అంటే మలుపులో గరిష్ఠ వేగానికి బరువుతో సంబంధం లేదన్నమాట. నేను లేచి, "ఖాళీ లారీకీ లోడు లారీకీ ఒకటే స్పీడా సార్?" అని అడిగాను. సార్ విసుక్కోలేదు. "ఇది చెక్క దిమ్మకి రాసిన సూత్రం రా. రబ్బరు ఈ మాట వినదు. ఎందుకు వినదో నువ్వే కనుక్కో" అన్నారు. అది కనుక్కోవడమే నా ఉద్యోగమైంది. టైరు మీద బరువు రెట్టింపైతే దాని పట్టు రెట్టింపు కాదు, అంతకంటే తక్కువే పెరుగుతుంది. అందుకే బరువున్న కారు మలుపులో నెమ్మదిస్తుంది, బ్రేకుకి ఎక్కువ దూరం తీసుకుంటుంది, ముందు టైర్లు త్వరగా వేడెక్కి అరిగిపోతాయి. ఇంజను బలం మాత్రం అంతే కాబట్టి స్ట్రెయిట్‌లో కూడా నష్టమే.

ఇక మా టీమ్ డ్రైవరు, మా కుర్రాడి సంగతి. పేరు రాయడం లేదు, అతని అనుమతి తీసుకోలేదు. టీనేజ్ దాటుతుండగా మా టీమ్‌కి వచ్చాడు. అతను వచ్చిన దారి ఈ ఆటలో మామూలు దారే. చిన్నప్పుడు కార్టింగ్ (కార్టులనే చిన్న బండ్ల రేసులు), తర్వాత అందరికీ ఒకే మోడల్ కారు ఇచ్చి పరిగెత్తించే కప్ రేసులు, అక్కడ కంటికి ఆనితే టూరింగ్ కార్లు. బ్రిటన్‌లో 14 నుంచి 17 ఏళ్ల పిల్లలకి జినెట్టా జూనియర్ అనే సిరీస్ ఉంది. టామ్ ఇంగ్రామ్ 2010లో అది గెలిచాడు, 2014లో బ్రిటిష్ టూరింగ్ కార్లలోకి వచ్చాడు, అసలు టైటిల్ చేతికొచ్చింది 2022లో. 2025లో మళ్లీ గెలిచాడు. ఆష్ సట్టన్ అయితే 2016లో వచ్చి 2017లోనే ఛాంపియన్ అయ్యాడు. కుర్రాళ్లందరికీ సట్టన్ కథ నచ్చుతుంది, నాకు ఇంగ్రామ్ కథ ఎక్కువ నచ్చుతుంది.

మా కుర్రాడికి మొదట్లో స్పీడు కావలసినంత ఉంది. ఇబ్బందల్లా ముందు చక్రాల కారుతోనే. కార్టులో పవర్ వెనక చక్రాలకి వెళ్తుంది. ఇక్కడ ముందు టైర్లే తిప్పాలి, అవే లాగాలి, బ్రేకు భారం కూడా ఎక్కువ వాటిదే. వెనక టైర్లకి పెద్దగా పని ఉండదు కాబట్టి అవి వేడెక్కడానికి టైం పడుతుంది, మొదటి ల్యాపుల్లో వెనక భాగం గభాలున పక్కకి జారుతుంది. అప్పుడు భయంతో యాక్సిలరేటర్ వదిలితే బరువు ఇంకా ముందుకి వెళ్లి కారు గిరగిరా తిరిగిపోతుంది. వదలకూడదు, ఇంకాస్త తొక్కాలి, ముందు చక్రాలు కారుని లాగి నిలబెడతాయి. చెప్పడం సులువే. గోడ దగ్గరికి వస్తుంటే కాలు తనంతట తనే వెనక్కి వస్తుంది. అతని థ్రాటిల్ గీత, అంటే యాక్సిలరేటర్ ఎంత తొక్కాడో చూపే గ్రాఫు, స్క్రీన్ మీద చూస్తే మొదటి సీజనంతా అలాంటి చోట ఒక గాడి కనిపించేది, చిన్నదే, రెప్పపాటు సేపు కాలు తీసినట్టు. రెండో సీజన్లో ఒక వర్షం రోజు ఆ గాడి లేదు. నేను స్క్రీన్ పెద్దది చేసి మళ్లీ చూశాను. లేదు. ఆ రోజు అతను గెలవలేదు, కానీ పిట్‌లో అందరికీ చూపించాను.

బరువుతో నడపడం ఇంకో చదువు. తేలిక కారుతో ఉన్నప్పుడు అతని బ్రేకు గీత నిటారుగా లేచి నెమ్మదిగా దిగేది, బాగుండేది. గెలిచిన తర్వాత పలకలు ఎక్కించాక కూడా అదే గీత గీయాలని చూసేవాడు. మూడు నాలుగు ల్యాపులు నడిచేది, ఆపైన ముందు టైర్లు చేతులెత్తేసేవి, స్టీరింగ్ గీత రంపం పళ్లలా మారిపోయేది, వెనకవాళ్లు ఒక్కొక్కరే దాటిపోయేవాళ్లు. అతనికి కోపం, టీమ్‌కి టెన్షన్. కొన్ని మీటర్లు ముందే బ్రేకు వేసి, మెత్తగా వదిలి, చక్రం ఒక్కసారే తిప్పి అక్కడే ఉంచమని నేను చెప్పేవాణ్ని. నెమ్మదిగా నడపమంటున్నావా అనేవాడు. కాదు, చివరి ల్యాపుకి టైరు మిగుల్చుకోమంటున్నాను.

ఇక్కడ పాయింట్ల లెక్క కూడా చూడాలి. బ్రిటిష్ ఛాంపియన్‌షిప్‌లో చాలా ఏళ్లుగా వారాంతానికి మూడు రేసులు, ఒక్కో రేసులో మొదటి 15 మందికి పాయింట్లు. గెలిస్తే 20, ఎనిమిదో స్థానానికి 8. ఒక రేసు గెలిచి, మిగతా రెండింటిలో గుద్దుకుని బయటికొస్తే, బోనస్ పాయింట్లు పక్కన పెడితే 20. మూడింటిలోనూ ఎనిమిదో స్థానంలో వస్తే 24. పైగా మూడో రేసులో ముందువరుసల క్రమాన్ని తిరగేస్తారు, రెండో రేసులో గెలిచినవాడు మధ్యలోంచి మొదలుపెట్టాలి, చుట్టూ కార్లే, సందు దొరకదు, ఒకడి పొరపాటుకి నలుగురు బలి. టైటిళ్లు తేలేది ఇలాంటి రోజుల్లోనే అని నేను గట్టిగా నమ్ముతాను. బరువు నిండా వేసుకుని, అద్దం విరిగి, బంపర్ వేలాడుతూ మా కుర్రాడు ఏడో స్థానంలో వచ్చిన ఒక రేసుంది, అతను గెలిచిన ఏ రేసుకన్నా నాకు అదే గొప్ప.

ఇంత చేసినా సీటుకి గ్యారంటీ లేదు. కాలిన్ టర్కింగ్టన్ 2009లో బ్రిటిష్ ఛాంపియన్. మరుసటి ఏడాది ఆ పోటీలో అతను లేడు, స్పాన్సర్ లేక. 2013లో తిరిగొచ్చాడు, 2014లో మళ్లీ ఛాంపియన్, మొత్తం నాలుగు టైటిళ్లు. ఛాంపియన్ పరిస్థితే అదైతే, ఇరవై ఏళ్ల కుర్రాడు రేసులు లేని నెలల్లో ఏం చేస్తాడో ఊహించండి. ఫోన్లు చేస్తాడు, కంపెనీలకి మెయిళ్లు పెడతాడు, తనకంటే చిన్నపిల్లలకి సిమ్యులేటర్ మీద కోచింగ్ ఇస్తాడు, కారు నడిపే రోజులు ఏడాది మొత్తంలో చాలా తక్కువ.

మా కుర్రాడికి వచ్చే సీజన్ సీటు ఇంకా ఖరారు కాలేదు. మా టీమ్ దగ్గర రెండో కారుకి డబ్బు సర్దుబాటు కాలేదు, అందుకే బయట వెతుకుతున్నాడు. వేరే టీముల్ని కలవడానికి ఒక ఫైలు తయారు చేసుకుంటే, మొదటి పేజీలోంచి కప్పుల ఫోటోలు తీసేయించి, కారులో బరువున్న రేసుల్లో ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ముగించాడో చూపే పట్టిక పెట్టించాను. ఒక టీమ్ మేనేజర్ ఆ పేజీ దగ్గరే ఆగి, ముందు టైర్లు చివరిదాకా ఎలా కాపాడాడని అడిగాడట. టెస్టుకి రమ్మన్నారు. వచ్చే నెలలో ఒక పూట డ్రైవింగ్, వాళ్ల కారు, పాత టైర్లు, పూర్తి బరువు.