కీళ్లవాతంతో కాపురం: ఆ మాట డాక్టర్‌ని అడగడానికి నేను పడ్డ అవస్థ

నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్. వారానికోసారి మెథోట్రెక్సేట్ అనే మందు, మర్నాడు వికారం, రక్తపరీక్షలు, ఇవన్నీ ఎలాగో అలవాటైపోయాయి. అసలు బాధంతా పడక దగ్గరే. తుంటి పట్టేస్తుంది, మణికట్టు మీద బరువు ఆన్చలేను, దానికితోడు లోపల పొడిబారిపోయి మంట. నాకెక్కడ నొప్పెడుతుందో అని మా ఆయన దగ్గరికి రావడమే మానేశారు, నేనేమో నా మీద ఇష్టం పోయిందనుకుని అటు తిరిగి పడుకునేదాన్ని.

సరే అని కీళ్ల డాక్టర్‌ని అడిగాను. గదిలో ఇంకో ఇద్దరు పేషెంట్లు కూర్చునే ఉన్నారు, ఒకాయనది మా నాన్న వయసు. మెల్లిగా "మా ఆయనతో కలవడం కష్టంగా ఉంటోందండీ" అన్నాను. డాక్టర్ తలెత్తకుండా రాసుకుంటూ "ఏంటమ్మా, గట్టిగా చెప్పు" అన్నాడు. మళ్లీ చెప్పాను. "పిల్లలున్నారు కదా, ఇంకా అవన్నీ ఎందుకు, ముందు కీళ్ల సంగతి చూసుకో" అని బెల్లు కొట్టేశాడు. లేవబోతే వేళ్లు సరిగ్గా పట్టక ఫైల్లో కాగితాలన్నీ కింద పడ్డాయి, ఆ పెద్దాయనే వంగి ఏరి, నా మొహం చూడకుండా చేతికిచ్చారు.

తుంటి కీలు కాదా మరి? మెథోట్రెక్సేట్ వాడుతుండగా గర్భం వస్తే బిడ్డకి ప్రమాదం, జాగ్రత్తలు తీసుకోమని చెప్పాల్సింది ఆ డాక్టరే, ఈ విషయమే ఎత్తకుండా అదెలా చెప్తాడు? జబ్బు మనిషికి మొగుడూపెళ్లాల సుఖం అక్కర్లేదని ఎవరు చెప్పారు వీళ్లకి?

తర్వాత గైనకాలజిస్ట్ దగ్గరికెళ్లా. ఆవిడే లేచి తలుపేసి, మా ఆయన్ని కూడా లోపలికి పిలవమన్నారు. ఈ జబ్బుతోపాటు కొందరికి షోగ్రెన్స్ అనే ఇంకో జబ్బు వస్తుందట, కళ్లు, నోరు ఎండినట్టే అక్కడా ఎండిపోతుందట, టెస్టులు రాశారు. నీళ్ల బేస్ ఉన్న లూబ్రికెంట్ (తడి కోసం రాసుకునే జెల్) వాడమన్నారు, కండోమ్ వాడేవాళ్లు కొబ్బరినూనె, వాసలీన్ జోలికి పోవద్దు, కండోమ్‌లోని లేటెక్స్ రబ్బరు చిరిగిపోతుంది. తెల్లవారుజామున ఒళ్లు కొయ్యబారి ఉంటుంది కాబట్టి సాయంత్రాలు మేలన్నారు. వేడినీళ్ల స్నానం, రాసిచ్చిన నొప్పిమాత్ర ఓ అరగంట ముందు, పక్కకి తిరిగి పడుకుని మోకాళ్ల మధ్య దిండు.

బయటికొచ్చాక ఆయన "ఇన్నాళ్లూ నీకు నొప్పి చేస్తానేమోనని భయపడి చచ్చానే" అన్నారు. నొప్పనిపిస్తే చెయ్యి నొక్కు, ఆగిపోతా అని ఒప్పందం పెట్టుకున్నాం. కొన్ని రోజులు పక్కపక్కన పడుకుని కబుర్లతోనే సరి, అదీ బాగానే ఉంటోంది.

ఆ కీళ్ల డాక్టర్‌ని మార్చేశాను. కొత్తావిడ దగ్గర కూర్చోగానే ముందు "కాస్త తలుపు వేయించండి" అంటాను, మీరూ మొహమాటపడకుండా అడగండి.