రాత్రి రేసు: ముందు లైటు సంగతి చూడండి

థీమ్ పార్కులో రాత్రిపూట అడ్డంకులు, పజిళ్లు కలిపి పెట్టే రేసుకు వెళ్తుంటే ముందు హెడ్‌ల్యాంపు సంగతి తేల్చుకోండి. ఎర్ర లైటు మోడ్‌లో ఎర్ర సిరా క్లూ కాగితంలో కలిసిపోతుంది. లామినేట్ చేసిన షీటు మీద తెల్ల లైటు సూటిగా పడితే మెరుపు తప్ప ఏమీ కనపడదు. ల్యాంపు తలమీంచి తీసి, పక్కనుంచి ఏటవాలుగా పట్టుకుంటే అక్షరాలు తేలతాయి.

జట్టులో నలుగురుంటే నలుగురూ క్లూ షీటు మీద పడొద్దు. ఒకరు పైకి చదవాలి, ఒకరు రాయాలి, మిగతా ఇద్దరూ నోరు మూసుకుని నీళ్లు తాగాలి (ఇదే అన్నిటికన్నా కష్టం). తాళ్ల వల ఎక్కి దిగిన ఆయాసంలో లెక్కలు తప్పుతాయి. 30 సెకన్లు ఆగితే పోయేదేం లేదు. అక్షరాలు జరిపే కోడ్ (ప్రతి అక్షరానికి బదులు కొన్ని స్థానాల అవతలి అక్షరం రాసేది) బుర్రలో విప్పకండి. ఏ నుంచి జెడ్ దాకా ఒక వరుస, దాని కిందే జరిపిన వరుస రాసేయండి.

8 అడుగుల గోడ దగ్గర అందరూ బలమైన మనిషిని చివరికి ఉంచుతారు. అతన్ని ఎత్తేదెవరు? ఆఖరున ఉండాల్సింది బక్కగా, పొడుగ్గా ఉన్నవాళ్లు. బలమున్నవాళ్లు పైనుంచి లాగాలి.

నూలు సాక్సు తడిస్తే బొబ్బలే, సింథటిక్‌వి వేసుకోండి. డిసెంబర్‌లో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు అవతల చలి బాగానే ఉంటుంది, పొడి టీషర్టు ఒకటి కవర్లో పెట్టుకోండి. తిరుగు క్యాబ్ ముందే మాట్లాడుకోండి.