చేతులు కడిగే వరసలోనే తెలిసిపోతుంది

ఒక ప్రీస్కూల్ ఎలా నడుస్తోందో తెలియాలంటే గోడల మీద చార్టులు చూడక్కర్లేదు. అన్నానికి ముందు పిల్లలు చేతులు కడుక్కునే వేళకి వెళ్లి ఓ పక్కన నిలబడితే చాలు. ఇరవై మంది పిల్లలు, ఒక్క కుళాయి. సబ్బుతో రుద్దుకోవడానికే 20 సెకన్లు కావాలి. తడుపుకోవడం, కడుక్కోవడం కలిపితే ఒక్కొక్కరికి 40 సెకన్లకి తగ్గదు. అంటే ఇరవయ్యో పిల్ల వంతు వచ్చేసరికి 12 నిమిషాలు దాటుతుంది. మూడేళ్ల పిల్ల అంతసేపు ఊరికే నిలబడుతుందా? ముందున్న పిల్ల జడ లాగుతుంది, ఆ పిల్ల తోస్తుంది, మధ్యలో ఒకడు తడి గచ్చు మీద జారి పడతాడు. టీచరు గొంతు పెంచుతుంది. "ఈ బ్యాచ్ మహా అల్లరి" అని ఆ సాయంత్రం మాటొస్తుంది. అల్లరి కాదది, లెక్క తప్పింది.

అరుపులు, తోపులాటలు, కొరుకుళ్లు ఎక్కువగా పుట్టేది పాట పాడేటప్పుడో కథ చెప్పేటప్పుడో కాదు. ఒక పని అయిపోయి ఇంకోటి మొదలయ్యే మధ్య వేళల్లో. పాఠం ప్లాన్ డైరీలో రాస్తారు గానీ ఈ మధ్య వేళలకి ప్లాన్ ఎవరూ రాయరు. నన్నడిగితే ముందు రాయాల్సింది అదే.

కుళాయి సంగతే తీసుకోండి. అందర్నీ ఒకేసారి లేపొద్దు. ఐదుగురేసి వెళ్లాలి. ఆయమ్మ కుళాయి దగ్గర, టీచరు మిగతావాళ్లతో చాప మీద. చాప మీద పిడికిళ్ల మీద పిడికిళ్లు పేర్చే గుడుగుడు గుంచం లాంటి కూర్చుని ఆడే ఆట నడుస్తూ ఉండాలి. ఐదుగురిలో ఇద్దరు మిగిలి ఉండగానే తర్వాతి ఐదుగుర్ని పిలవాలి. పిలవడంలో కూడా పని ఉంది: "చొక్కాకి గుండీలున్నవాళ్లు", "పేరు 'ర'తో మొదలయ్యేవాళ్లు". అక్షరం మొహం చూడకముందే పిల్లకి దాని చప్పుడు చెవికెక్కుతుంది, పైసా ఖర్చు లేకుండా.

సబ్బు జారి మోరీలో పడుతోందంటే దాన్ని నాలుగు ముక్కలు చేసి, వెల్లుల్లిపాయలు వచ్చే వలసంచిలో ఒక ముక్క వేసి కుళాయికి కట్టండి. తడి చేత్తో ఆ వలని రుద్దితే నురుగు వస్తుంది, సబ్బు తొందరగా అరగదు, పిల్లలకి అదో సరదా. తువ్వాలు మాత్రం అందరికీ ఒకటే పెట్టొద్దు. ఒకరికి కళ్లకలక వస్తే దాని ద్వారా మిగతావాళ్లకీ పాకుతుంది. గౌనుకి పిన్నుతో గుచ్చిన చేతిరుమాలు ఉంటే సరి, లేకపోతే చేతులు విదిలించి ఆరనివ్వడమే మేలు.

చాలాచోట్ల జరిగే ఇంకో పొరపాటు: చేతులు కడిగించి, కూర్చోబెట్టి, అప్పుడు అన్నం గిన్నె కోసం చూడటం. పావుగంటలో ఆ చేతులు నేలనీ, ముక్కునీ, పక్కవాడి చెప్పునీ తాకేస్తాయి. గిన్నె గదిలోకి వచ్చాకే మొదటి ఐదుగురు లేవాలి. కడుక్కున్నవాళ్లు నేరుగా పళ్లెం ముందుకే. ఉడికించిన గుడ్డు మూడేళ్లవాళ్లకి మొత్తంగా చేతికివ్వొద్దు, పచ్చసొన పొడిపొడిగా గొంతుకి అడ్డం పడుతుంది. చిదిపి అన్నంలో కలపాలి, పక్కన నీళ్లుండాలి.

పొద్దున వచ్చే వేళ ఇంకాస్త సున్నితం. కొత్త పిల్ల ఏడుస్తుంటే, బొమ్మ చూపించి అటు తిప్పి తల్లిని వెనక నుంచి జారుకోమనడం మన దగ్గర బాగా అలవాటు. ఆ పూటకి పని జరుగుతుంది. మర్నాడు ఆ పిల్ల తల్లి కొంగు అసలు వదలదు, ఎందుకంటే అటు చూస్తే అమ్మ మాయమైపోతుందని నిన్ననే నేర్చుకుంది. తల్లి చెప్పే వెళ్లాలి. "మూడింటికి వస్తా" అంటే మూడేళ్ల బుర్రకి అర్థం కాదు, "అన్నం తిని, పడుకుని లేచాక వస్తా" అంటే అర్థమవుతుంది. చెప్పిన వేళకి రావాలి కూడా. మొదటి రెండు మూడు రోజులు గంట, తర్వాత రెండు గంటలు, అలా పెంచుకుంటూ పోవడం మంచిది. అమ్మ పాత చున్నీ ముక్క సంచిలో ఉంటే ఉండనివ్వండి. "ఏడిస్తే అమ్మ రాదు" అనే మాట మాత్రం ఆ గదిలో వినపడకూడదు.

గుమ్మం దగ్గర టీచరు గొంతుక్కూర్చుని పేరు పెట్టి పలకరించే ఆ నిమిషంలోనే ఇంకో పని అయిపోవాలి: కళ్లు ఎర్రగా ఉన్నాయా, ఒళ్లు వెచ్చగా ఉందా, కొత్త దద్దుర్లున్నాయా, కొత్త దెబ్బ ఏమన్నా ఉందా. ఇంటివాళ్లు ఇంకా గుమ్మంలో ఉండగానే అడిగేస్తే సాయంత్రం గొడవ ఉండదు.

ఆట ఆపించడం దగ్గర చాలామంది చప్పట్లు కొట్టి "అయిపోయింది, అన్నీ సర్దండి" అంటారు. కట్టుకుంటున్న మేడ సగంలో ఉంటే పెద్దవాళ్లమైనా విసుక్కుంటాం. ఐదు నిమిషాల ముందు దగ్గరికెళ్లి "ఇంకో మూడు ముక్కలు పెట్టుకో, తర్వాత కథ" అనాలి. నిమిషాల్లో చెప్తే పిల్లలకి అందదు, ముక్కల్లో చెప్తే అందుతుంది. సర్దమనేటప్పుడు గజ్జెల మోతో, ఒకే పాటో, రోజూ అదే ఉండాలి. సర్దడం తేలిగ్గా ఉండాలంటే సామాను తక్కువ ఉండాలి. రెండడుగుల ఎత్తు అర, ఒక్కో అరలో మూడు నాలుగు డబ్బాలు, డబ్బా మీద లోపలి వస్తువు బొమ్మ. మిగతాది బీరువాలో పెట్టి రెండు వారాలకోసారి మార్చండి. ఉన్నదంతా ఒకేసారి బయటపెడితే పిల్లలు ఆడరు, కుమ్మరిస్తారు.

సామాను అన్నాక ఒక హెచ్చరిక. చింతగింజలు, గురివింద గింజలు, పూసలు, గోళీలు మన బాలవాడీల్లో లెక్కలకి ఎప్పటి నుంచో వాడుతున్నవే. మూడేళ్ల పిల్లలున్న గదిలో వద్దు. గురివింద గింజ అయితే విషం కూడా, ఏ వయసు పిల్లలకీ వద్దు. బొమ్మల పరీక్షకి వాడే గొట్టం వెడల్పు సుమారు 3.2 సెంటీమీటర్లు, అందులో దూరిపోయే వస్తువు చిన్నపిల్లల గొంతులోనూ ఇరుక్కోగలదని లెక్క. నీళ్ల సీసా మూత కూడా అందులో దూరుతుంది! గింజ ముక్కులోకి పోతే పిన్నీసుతోనో అగ్గిపుల్లతోనో తీయబోవద్దు, ఇంకా లోపలికి పోతుంది. డాక్టరే తీయాలి. పోయింది బొమ్మలోని బటన్ బ్యాటరీ అయితే ఒక్క క్షణం ఆగకుండా ఆసుపత్రికి.

గొంతులో అడ్డం పడి పిల్ల గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి, ముట్టుకోవద్దు. దగ్గూ రాక, గొంతూ పెగలకపోతే ముందుకు వంచి వీపు మీద రెండు భుజాల మధ్య, అరచేతిలో మణికట్టు దగ్గరి గట్టి భాగంతో ఐదు దెబ్బలు. రాకపోతే వెనక నుంచి పట్టుకుని, బొడ్డుకి కాస్త పైన పిడికిలి పెట్టి లోపలికీ పైకీ ఐదుసార్లు నొక్కాలి. వచ్చేదాకా ఒకదాని తర్వాత ఒకటి, పక్కనున్నవాళ్లు 108కి ఫోన్. కనపడని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి కెలకొద్దు. ఇది ఏడాది దాటిన పిల్లలకి. చదివితే చాలదు, ఆయమ్మతో సహా అందరూ చేసి చూపించే శిక్షణ ఒకటి తీసుకోవాలి.

ఇక రాత. "ఇంకా రాయడం లేదా?" అని గుమ్మం దగ్గరే అడిగే తల్లిదండ్రులున్నారు కాబట్టి మూడున్నరేళ్లకే చూసి రాసే కాపీ పుస్తకాలు వస్తున్నాయి. వేళ్ల కంటే ముందు భుజం, తర్వాత మోచెయ్యి, తర్వాత మణికట్టు గట్టిపడాలి. ఆ వరసలోనే పని ఇవ్వాలి. మొదట బకెట్లో నీళ్లు, రెండంగుళాల బ్రష్, బయటి గోడ: నిలబడి చెయ్యంతా ఊపి "సున్నం" వేయడం. తర్వాత పిండి. రెండు గ్లాసుల గోధుమపిండికి ఒక గ్లాసు ఉప్పు, రెండు చెంచాల నూనె, చిటికెడు పసుపు, ముప్పావు గ్లాసు నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ చపాతీ ముద్దలా కలపాలి. నీళ్లన్నీ ఒకేసారి పోస్తే చేతికంటుకునే జావ అవుతుంది. గట్టి మూత డబ్బాలో వారం దాకా ఉంటుంది. ఉప్పు ఎక్కువ కాబట్టి ఎవరూ తినకుండా చూసుకోవాలి. ఆ తర్వాత కాగితం చింపడం, గోరుచిక్కుడు తుంచడం, బట్టల క్లిప్పులు తీసి పెట్టడం.

పలక మీదకి వచ్చినప్పుడు కొత్త బలపం ఇస్తే పిల్లలు గుప్పిట్లో పట్టుకుంటారు. అంగుళం ముక్క ఇవ్వండి. గుప్పిట్లో పట్టుకోడానికి చోటే ఉండదు, మూడు వేళ్లూ వాటంతట అవే చేరతాయి. "అలా కాదు, ఇలా పట్టుకో" అని వంద సార్లు చెప్పేదాని కంటే ఈ ముక్క చేసే పని ఎక్కువ.

పాడటానికి ఓనమాలు ఎంత బాగున్నా, రాయడం 'అ'తో మొదలుపెట్టడం చేతికి కష్టం. చెయ్యి ఎత్తకుండా అన్ని మలుపులు తిరగాలి. సున్నా, దాని మీద తలకట్టు వస్తే 'ర' దాదాపు వచ్చినట్టే. లోపల చుక్క పెడితే 'ఠ'. గుమ్మంలా ఒక వంపు గీసి తలకట్టు పెడితే 'గ'. వెడల్పాటి పళ్లెంలో పలచగా బొంబాయిరవ్వ పరిచి వేలితో రాయించండి, తప్పయితే పళ్లెం ఊపితే చెరిగిపోతుంది. ఎర్ర ఇంకు లేని చోట పిల్లలకి భయం లేదు. పరీక్షల మాట ఎవరైనా ఎత్తితే, ఎన్‌సీఈఆర్‌టీ (పాఠ్యప్రణాళికలు తయారుచేసే జాతీయ సంస్థ) 2019లో ఇచ్చిన ప్రీస్కూల్ పాఠ్యప్రణాళిక ఈ వయసుకి రాతపరీక్షా వద్దు, నోటిపరీక్షా వద్దంది. 2020 జాతీయ విద్యా విధానం 3 నుంచి 8 ఏళ్ల దాకా ఒకే పునాది దశగా చూసింది. ఆ కాగితం గుమ్మం దగ్గర అంటించి పెట్టుకోవచ్చు.

కొరికేవాళ్లు ప్రతి గదిలో ఒకరుంటారు. ముందు కొరికించుకున్న పిల్ల దగ్గరికి వెళ్లాలి: సబ్బునీళ్లతో కడిగి, చల్లటి తడిగుడ్డ. కొరికినవాడితో తక్కువ మాటలు: "కొరికితే నొప్పి. బొమ్మ కావాలంటే 'నాకివ్వు' అను." తిరిగి కొరికి చూపించడం, అందరి ముందూ నిలబెట్టడం రెండూ అదే పాఠాన్ని ఇంకా గట్టిగా నేర్పుతాయి. ఎవరు కొరికారో అవతలి ఇంటివాళ్లకి పేరు చెప్పొద్దు. నోట్‌బుక్‌లో రెండు వారాలు టైము, చోటు రాసి చూడండి. చాలాసార్లు అన్నానికి ముందు అరగంటో, ఇరుకు మూలో తేలుతుంది. అప్పుడు మార్చాల్సింది పిల్లాణ్ణి కాదు, అన్నం వేళనో బల్ల చోటునో.

తండా నుంచో గోండు గూడెం నుంచో వచ్చే పిల్లలకి మన తెలుగు కొత్త భాష. మొదటి నెలలు మాట్లాడకపోతే మొద్దు అనుకోవద్దు, వింటున్నారు. లంబాడీ పిల్లకి అమ్మ "యాడి", నీళ్లు "పాణి". ఇలాంటివి ఒక ఇరవై మాటలు (దాహం, నొప్పి, బాత్రూం, ఆకలి, అన్నం) టీచరు నేర్చుకుంటే లాగు తడుపుకోవడాలు సగం తగ్గుతాయి. అయినా తడిస్తే చెవిలో చెప్పి తీసుకెళ్లి మార్చాలి. మార్చడానికి ఓ జత బట్టలు అరలో ఎప్పుడూ ఉండాలి.

చివరి మధ్య వేళ, ఇంటికి పంపడం. ఇంటివాళ్లు ముందే రాసిచ్చిన జాబితాలో పేరున్నవాళ్లకే పిల్లని అప్పగించాలి, తెలిసిన మొహమైనా జాబితాలో లేకపోతే ఇంటికి ఫోన్ చేసి అడగాలి. "బాగానే ఉంది" అనే మాటతో పంపేయొద్దు. రోజుకి ముగ్గురి గురించి నోట్‌బుక్‌లో ఒక్కో వాక్యం రాసి పెట్టుకుంటే ఐదు రోజుల్లో పదిహేను మంది అవుతారు, ఆ ముగ్గురి ఇంటివాళ్లకి ఆ వాక్యమే చెప్పాలి: "ఈరోజు చెప్పులు కుడిఎడమలు తనే చూసుకుని వేసుకుందమ్మా. రేపు ఇంటి దగ్గర మీరు వేయకండి, కాసేపు ఆగండి."