డబ్బాలో మినప వడియాలు

బరంపురం వచ్చి వారమైంది, మావయ్య నాతో ముక్తసరిగా మాట్లాడుతున్నాడు. తప్పు నాదే. ముప్పై ఏళ్ళు సినిమా హాల్లో ఆపరేటరుగా చేసిన మనిషిని పట్టుకుని, భోజనాల దగ్గర అందరి ముందూ, "ఆ రీళ్ళు కిలోల లెక్కన ఎలా అమ్మేశావు మావయ్యా?" అన్నాను.

"దాచుంటే నువ్వు కాపలా కాసేవాడివేటి? అక్కడ దొరల రీళ్ళు తుడుస్తున్నావు కదా, అవే తుడుచుకో" అన్నాడు, పెరుగన్నం కలుపుకుంటూ.

నిజమే, తుడుస్తున్నాను. జర్మనీలో ఒక ల్యాబులో పాత ఫిల్ములు స్కాన్ చేయడం నా పని. నిమిషం సినిమాకి 1440 ఫ్రేములు. గీతలు పడ్డ రీలుని ఒక ద్రవంలోంచి పోనిస్తూ స్కాన్ చేస్తాం, ద్రవం గీతల్లో నిండి వెలుగు చెదరదు కాబట్టి గీత కనిపించదు. మా హాల్లో "వాన పడతందిరోయ్" అని ఈలలేసేవాళ్ళం చూడండి, ఆ వాన ఆగిపోతుంది! పోయిన నెల ఏదో పల్లెటూరి పంటల పండగ, పదకొండు నిమిషాల ఫిల్ము, ఎవరూ చూడరు, దానికి ఎనిమిది రోజులు పట్టింది. చేస్తున్నంతసేపూ ముచ్చటేసింది, ఒళ్ళూ మండింది.

మావయ్య దగ్గర ఉన్నవి కంపెనీవాళ్ళు మళ్ళీ తీసుకెళ్ళని ప్రింట్లు. రేకుల షెడ్డు, గోపాల్‌పూర్ నుంచి ఉప్పుగాలి. వేడికీ తేమకీ అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్ము కుళ్ళి వెనిగర్ వాసనేస్తుంది, ఒక డబ్బాలో మొదలైతే పక్క డబ్బాలకీ అంటుకుంటుంది. అత్తయ్య మొదట ఆవకాయ పాడైందనుకుందట. కొనడానికొచ్చినవాడు బ్లాక్ అండ్ వైట్ రీళ్ళే ఏరుకున్నాడట, వాటిలో బొమ్మంతా వెండే కాబట్టి. కలర్ ప్రింటులో వెండి ల్యాబులోనే కడుక్కుపోతుంది.

మన దేశపు తొలి టాకీ 'ఆలం ఆరా' 1931లో వచ్చింది, పూనాలో ప్రభుత్వం ఫిల్ము ఆర్కైవు పెట్టింది 1964లో. ఆ సినిమా ప్రింటు ఈరోజు ఎక్కడా లేదు. అలాంటప్పుడు ఒక్క ఆపరేటర్ని నిలదీశాను నేను.

అసలు సంగతి చెప్పనా, ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనే అడిగాను, స్కాన్ అయిపోయింది కదా, ఈ రీళ్ళు పారేద్దామా అని. మా పెద్దాయన ఇల్లు తగలబెట్టినవాణ్ణి చూసినట్టు చూశాడు. స్కాన్ చేసి కంప్యూటరు టేపుల్లో దాచినవి కొన్నేళ్ళకోసారి కొత్త టేపుల్లోకి ఎక్కించకపోతే చదివే మెషినే దొరకదు, రీలైతే చల్లగా పొడిగా ఉంచితే చాలు, దీపం పెట్టి చూసుకోవచ్చు అని అరగంట తిట్టాడు. ఈ మాట మావయ్యకి చెప్పలేదింకా.

నిన్న వంటింట్లో పైఅరలో రీలు డబ్బా కనిపించింది, మూత తీసి అలవాటుకొద్దీ వాసన చూశాను. గుమ్మంలోంచి మావయ్య అన్నాడు: "మినప వడియాలురా. నీ ల్యాబుకి పట్టుకెళ్తావేటి?"