నికెల్ చుట్టూ తిరిగిన ఏడాది: సీఎస్‌ఐఆర్ నెట్‌కు అకర్బన రసాయనం నేను చదివిన తీరు

సీఎస్‌ఐఆర్ నెట్ (పరిశోధన ఫెలోషిప్‌కు, అధ్యాపక అర్హతకు జరిగే జాతీయ పరీక్ష) రసాయన శాస్త్రానికి సిద్ధమవుతున్న మిత్రులకు, ముఖ్యంగా డిగ్రీ వరకు తెలుగు మాధ్యమంలో చదివి ఎం.ఎస్సీ.లో ఇనార్గానిక్ స్పెషలైజేషన్ తీసుకున్నవారికి అక్కరకొస్తుందని ఈ అనుభవాన్ని రాస్తున్నాను. మొదటి ప్రయత్నంలో నేను అర్హత సాధించలేదు. రెండోసారి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చింది. పుస్తకాలు అవే, చదివిన గంటలూ దాదాపు అన్నే. అకర్బన రసాయనాన్ని పట్టుకున్న తీరు ఒక్కటే మారింది.

పరీక్ష స్వరూపం మీకు తెలిసిందే. మొత్తం 200 మార్కులు, 3 గంటలు. పార్ట్-ఎలో 15, పార్ట్-బిలో 35, పార్ట్-సిలో 60 ప్రశ్నల నుంచి 25 రాయాలి. పార్ట్-సిలో ఒక్కో ప్రశ్నకు 4 మార్కులు, తప్పు రాస్తే 1 మార్కు పోతుంది. మొదటిసారి నేను దెబ్బతిన్నది అక్కడే. స్ఫటిక క్షేత్ర సిద్ధాంతం ఒక నోట్‌బుక్కులో, గ్రూప్ థియరీ మరో నోట్‌బుక్కులో, కర్బన లోహ రసాయనం ఇంకొక దానిలో విడివిడిగా రాసుకుని, దేనికది బట్టీ పట్టాను. మూడు శోషణ పట్టీల (సంశ్లిష్టం కాంతిని పీల్చుకునే స్థానాల) విలువలు ఇచ్చి రాకా పరామితి ‘బి’ (ఎలక్ట్రాన్ల మధ్య వికర్షణకు కొలత) ఎంతో కనుక్కోమన్న ప్రశ్న ఎదురైతే, 1954లో తనాబె, సుగానో ఇలాంటి పట్టీలను వివరించే పటాలను గీశారన్న సంగతి గుర్తొచ్చింది తప్ప లెక్క ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు.

మార్పు ప్రయోగశాలలో మొదలైంది. నికెల్‌ను డైమిథైల్ గ్లయాక్సిమ్‌తో భారమితి పద్ధతిలో అంచనా వేసే ప్రయోగం మీరందరూ చేసే ఉంటారు. లేత ఆకుపచ్చ ద్రావణాన్ని వేడి చేసి, కారకం కలిపి, అమ్మోనియాను చుక్క చుక్కగా వేస్తే ఎర్రటి అవక్షేపం పట్టుపోగులా పైకి తేలుతుంది. దాన్ని సింటర్డ్ క్రూసిబుల్‌లో వడపోసి, 110–120 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, బరువును 0.2032తో గుణిస్తాం. ఒక రోజు కారకం కలపడం మరచిపోయి ముందే అమ్మోనియా పోశాను. ద్రావణం చక్కని నీలంగా మారింది. ఆకుపచ్చ, నీలం, ఎరుపు: లోహం ఒక్కటే అయినప్పుడు ఈ మూడు రంగులు ఎందుకు వచ్చాయో ఎవరైనా అడిగితే నేను చెప్పలేనని ఆ క్షణంలో అర్థమైంది. ఆ రాత్రే కొత్త నోట్‌బుక్కు మొదటి పేజీలో ‘నికెల్’ అని రాసుకుని, సిలబస్‌లోని ప్రతి అధ్యాయాన్నీ ఆ ఒక్క లోహాన్నే అడుగుతూ చదవడం మొదలుపెట్టాను.

నికెల్ 2+ అయాన్ డి8 విన్యాసం, అంటే డి ఆర్బిటాళ్లలో ఎనిమిది ఎలక్ట్రాన్లు. ఎనిమిది ఎలక్ట్రాన్లను పది గళ్లలో పెట్టడానికి 45 మార్గాలున్నాయి. రెండు ఎలక్ట్రాన్లకూ అన్నే, ఎందుకంటే ఇక్కడ రెండు ఖాళీలను లెక్కపెడితే సరిపోతుంది. ఆ 45నీ ఒకసారి చేత్తో రాసి, టర్మ్‌లు అనే శక్తి స్థితులకు, అంటే ట్రిప్లెట్ ఎఫ్‌కు 21, ట్రిప్లెట్ పికి 9, సింగ్లెట్ జికి 9, సింగ్లెట్ డికి 5, సింగ్లెట్ ఎస్‌కు 1 అని పంచి చూడండి. రెండు గంటలు పడుతుంది, కానీ ఆ తర్వాత టర్మ్ సింబల్స్ మళ్లీ చదవనక్కర్లేదు.

ఇక రంగులు. నీటిలోని నికెల్ అయాన్‌కు శోషణ పట్టీలు సుమారు 8,500, 13,800, 25,300 సెం.మీ⁻¹ దగ్గర వస్తాయి. అష్టముఖీయ డి8లో మొదటి పట్టీయే డెల్టా (లోహం చుట్టూ చేరిన లిగాండ్ల వల్ల డి ఆర్బిటాళ్ల మధ్య ఏర్పడే శక్తి తేడా). మిగిలిన రెండింటి మొత్తం 3 డెల్టా + 15 బికి సమానం. కాబట్టి 39,100 నుంచి 25,500 తీసేస్తే 13,600. దాన్ని 15తో భాగిస్తే బి సుమారు 907. అమ్మోనియా సంశ్లిష్టానికి 10,750, 17,500, 28,200 తీసుకుంటే బి సుమారు 897. డెల్టా పెరిగింది, బి కొంచెం తగ్గింది. స్పెక్ట్రోకెమికల్ శ్రేణి (డెల్టాను పెంచే శక్తిని బట్టి లిగాండ్ల వరుస), నెఫెలాక్సెటిక్ ప్రభావం (లిగాండ్ల వల్ల బి తగ్గడం) రెండూ ఒకే లెక్కలో కనిపించాయి. నీటి సంశ్లిష్టం ఎరుపునూ ఊదానూ పీల్చుకుని మధ్యలోని ఆకుపచ్చను వదిలేస్తుంది. అమ్మోనియా చేరాక మధ్య పట్టీ పసుపు ప్రాంతానికి జరుగుతుంది, అందుకే నీలం. ఎర్రటి అవక్షేపం సమతల చతురస్రం, అందులో జతకూడని ఎలక్ట్రాన్లు లేవు. నికెల్ అష్టముఖిలో ఉంటే అయస్కాంత భ్రామకం 2.83 బోర్ మాగ్నెటాన్లకు కాస్త పైన, చతుర్ముఖిలో దాదాపు 4 వరకు, సమతల చతురస్రంలో సున్నా. ఈ తేడాలకు కారణం గ్రౌండ్ టర్మ్‌లోనే ఉంది, విడిగా పట్టిక కంఠస్థం చేయనక్కర్లేదు.

చిలేట్ ప్రభావానికి (ఒకే లిగాండ్ రెండు మూడు చోట్ల లోహాన్ని పట్టుకుంటే సంశ్లిష్టం మరింత స్థిరపడటం) కూడా నికెల్‌నే అడిగాను. ఆరు అమ్మోనియాలతో స్థిరత్వ స్థిరాంకం లాగ్ విలువ 8.6 అయితే, మూడు ఇథిలీన్‌డైఅమీన్‌లతో 18.3. నాలుగు కణాలు చర్య జరిపి ఏడు కణాలు బయటికి వస్తున్నాయని రాసి చూస్తే ఎంట్రోపీ పాత్ర తెలిసిపోతుంది. కార్బొనైళ్లకు వస్తే, 1890లో లుడ్విగ్ మాండ్, ఆయన సహచరులు ప్రకటించిన నికెల్ టెట్రాకార్బొనైల్ డి10, చతుర్ముఖి, 18 ఎలక్ట్రాన్లు. దాని సీఓ కంపనాలు సౌష్ఠవాన్ని బట్టి రెండు రకాలు: ఏ1, టి2. పరారుణంలో టి2 ఒక్కటే కనిపిస్తుంది, సుమారు 2,060 సెం.మీ⁻¹ దగ్గర. దానితో సమ ఎలక్ట్రానికమైన (అన్నే ఎలక్ట్రాన్లున్న) కోబాల్ట్ టెట్రాకార్బొనైల్ అయాన్‌లో అది 1,890కి, ఇనుము అయాన్‌లో 1,790కి దిగుతుంది. నాకు కొరుకుడుపడని గ్రూప్ థియరీ ఈ ఒక్క అణువుతో తలకెక్కింది. జీవ అకర్బన రసాయనంలో యూరియేజ్ అనే ఎంజైమ్ ఉంది: 1926లో జేమ్స్ సమ్నర్ దాన్ని స్ఫటికంగా తీశారు, అందులో నికెల్ ఉందని 1975లో తేలింది. మనం పొలంలో చల్లే యూరియాను మట్టిలో అమ్మోనియాగా మార్చేది ఈ ఎంజైమే. రైతు కుటుంబం నుంచి వచ్చిన నాకు ఆ పేజీ చదివినప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

నికెల్ చెప్పలేనివీ ఉన్నాయి. బోరేన్లు (బోరాన్, హైడ్రోజన్ సమ్మేళనాలు), వాటి ఆకారాలను చెప్పే వేడ్ నియమాలు, లాంథనైడ్లు, కేంద్రక రసాయనం విడిగా చదివాను. వీటిలో పాత ప్రశ్నలను సాధన చేయడమే మేలు. జాన్–టెల్లర్ వక్రీకరణకు రాగిని, ఎలక్ట్రాన్ బదిలీ చర్యలకు కోబాల్ట్, రుథీనియంలను, ఆక్సిజన్ వాహకాలకు ఇనుమును ఇలాగే పట్టుకోండి. నాలుగైదు లోహాలు చాలు, కానీ ఒక్కోదానికి మూడు వారాలైనా ఇవ్వండి, అంకెలను మీ చేత్తో లెక్కగట్టండి.

రెండోసారి పార్ట్-సిలో 25 నింపాలన్న పట్టుదల వదిలేసి, చివరి దాకా లెక్క తెగిన 18 ప్రశ్నలకే జవాబులు రాశాను. అందులో ఒకటి డి8 సంశ్లిష్టం పట్టీల మీదే వచ్చింది. రఫ్ కాగితం మీద మూడు వరుసల్లో తేలిపోయింది.