హన్మకొండలో ఆకాశం నీలంగా లేదేంటి?

అమెరికాలో పెరుగుతున్న పిల్లలను ఊరికి తీసుకొస్తే మొదటి వారమంతా పోలికలే. అక్కడ ఇన్ని హారన్లు కొట్టరు, అక్కడ కుక్కలు ఇట్లా రోడ్ల మీద తిరగవు. వీటికి నా దగ్గర రెడీగా జవాబులుంటాయి. పదోసారి వింటే కొంచెం ఒళ్లు మండుతుంది కూడా. ఈసారి మాత్రం మా తొమ్మిదేళ్ల అమ్మాయి డాబా మీద నిలబడి, "మమ్మీ, ఇక్కడ స్కై బ్లూగా లేదేంటి?" అంది.

మేముండేది కొలరాడోలో, డెన్వర్ దగ్గర. అక్కడి ఆకాశం నిజంగానే ముదురు నీలం. మే నెలాఖరు హన్మకొండలో పొద్దున పది దాటితే పైన పలచగా సున్నం వేసినట్టు ఉంటుంది. "అదంతా పొల్యూషన్" అని మా వారు ఒక్క ముక్కలో తేల్చేశారు. మన ఎన్నారైలకు ఇదొక అలవాటు. ఇండియాలో ఏది తేడాగా కనిపించినా ఆ మాట మీదికి తోసేస్తే పని అయిపోతుంది. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ పిల్ల కారణం అడిగితే మనం తీర్పు చెప్పి పంపిస్తున్నాం.

మా బాపు కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన తనకు తెలిసింది చెప్పాడు: "సముద్రం రంగు మీద పడి మొగులు నీలంగా కనిపిస్తది బిడ్డా. మనకాడ సముద్రం లేదు కదా." పిల్ల వెంటనే, "డెన్వర్‌లో కూడా సీ లేదు తాతయ్యా" అంది. బాపుకు కోపం రాలేదు సరికదా, కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "అయితే నువ్వే చెప్పు" అని నా వైపు చూశాడు.

మా ఇంట్లో తెలుగు అన్నం తినడానికి, స్నానానికి, తొందరగా పడుకోవడానికి. సైన్సు, హోంవర్కు వచ్చేసరికి నాకు తెలియకుండానే ఇంగ్లిష్‌లోకి మారిపోతాను. ఇప్పుడు వినేవాళ్లలో బాపు కూడా ఉన్నాడు కాబట్టి తెలుగులోనే చెప్పాలి. చెప్తుంటే నాకే కొత్తగా అనిపించింది.

ఎండలో అన్ని రంగులూ ఉన్నాయి. గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ అణువులు కాంతి తరంగాల కన్నా ఎంతో చిన్నవి. అంత చిన్నవాటికి కాంతి తగిలితే పొట్టి తరంగాలు ఎక్కువగా, పొడుగువి తక్కువగా చెదురుతాయి. ఎంత తేడాతో అన్నది 1871లో లార్డ్ రేలీ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త లెక్క తేల్చాడు: తరంగం పొడుగు సగమైతే చెదిరే వెలుగు పదహారు రెట్లవుతుంది. నీలం తరంగం పొడుగు 450 నానోమీటర్లు (నానోమీటర్ అంటే మీటరులో వంద కోట్లో వంతు), ఎరుపుది 700 అనుకుంటే, ఎరుపు కన్నా నీలం దాదాపు ఆరు రెట్లు చెదురుతుంది. అందుకే సూర్యుడున్న చోటే కాదు, ఎటు చూసినా నీలమే.

"మరి వయొలెట్ ఇంకా పొట్టిది కదా?" వచ్చింది ఎదురు ప్రశ్న. మా క్లాసులో ఇట్లా అడిగితే కూర్చోమనేవాళ్లు. జవాబు ఉంది: ఎండలో ఊదా పాలు తక్కువ, అందులోనూ కొంత పై గాలిలోనే ఆగిపోతుంది, పైగా మన కన్ను నీలాన్ని పట్టినంత బాగా ఊదాను పట్టదు.

రాత్రి గాజు గ్లాసులో నీళ్లు పోసి, నాలుగు చుక్కల పాలు వేసి, లైట్లు ఆర్పి ఫోన్ టార్చ్ వేశాం. పక్క నుంచి చూస్తే నీళ్లకు లేత నీలం ఛాయ. టార్చ్‌కు ఎదురుగా, గ్లాసులోంచి చూస్తే వెలుగు పసుపు, నారింజ మధ్యలో ఉంది. సాయంత్రం భద్రకాళి చెరువు కట్ట మీద చూసిన పొద్దు కూడా ఇదే. పొద్దు గూకేటప్పుడు కాంతి నడినెత్తి మీద ఉన్నప్పటికన్నా ముప్పై ఎనిమిది రెట్లు ఎక్కువ గాలిని దాటి రావాలి. నీలం దారిలోనే చెదిరిపోయి ఎరుపు మిగులుతుంది. పిల్ల ఊరుకోకుండా ఇంకో చెంచాడు పాలు పోసింది. గ్లాసంతా తెల్లబడింది, నీలం పోయింది. "పాలు ఆటలకా?" అని అమ్మ గ్లాసు లాక్కుంది.

ఎండాకాలం తెలుపుకు ముఖ్యమైన కారణం దుమ్ము, పొగ. ఆ రేణువులు అణువుల కన్నా చాలా పెద్దవి కాబట్టి ఏ రంగునూ ఎంచుకోవు, అన్నిటినీ ఇంచుమించు సమానంగా చెదరగొడతాయి. అన్నీ కలిస్తే తెలుపే. హన్మకొండ సముద్ర మట్టానికి 300 మీటర్ల లోపే ఉంటుంది. డెన్వర్ 1,600 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడికి వచ్చేసరికి గాలిలో ఆరో వంతు కిందే ఉండిపోతుంది, తేమా తక్కువే.

బాపు సముద్రాన్ని అంత తేలిగ్గా వదల్లేదు. దాంతో సి.వి.రామన్ కథ చెప్పాను. సముద్రపు నీలం ఆకాశం నీడేనని రేలీ అన్నాడు. 1921లో ఇంగ్లండ్ నుంచి ఓడలో తిరిగొస్తూ రామన్ ఆ నీడను తీసేసే పట్టకం పెట్టి చూశాడు. నీలం పోలేదు, ఇంకా బాగా కనిపించింది. నీళ్లు కూడా కాంతిని చెదరగొడతాయని తేల్చాడు. ఆ దారిలోనే వెళ్లి 1928లో రామన్ ఎఫెక్ట్ (చెదిరిన కాంతిలో కొంత రంగు మారుతుందని), 1930లో నోబెల్. "అంటే ఇద్దరికీ ఎవరి రంగు వాళ్లదే" అన్నాడు బాపు.

మృగశిర కార్తెకు అమ్మ చేపల పులుసు పెట్టింది. వానలు ఆ తర్వాత వారానికి గానీ పడలేదు. రెండు రోజులు దంచికొట్టి తెరిపిచ్చిన పొద్దున, మబ్బుల సందుల్లో ఆకాశం కొలరాడోకు ఏమాత్రం తీసిపోలేదు. వాన దుమ్మును కడిగేసింది మరి. పిల్ల వాళ్ల నాన్నకు ఫోటో పంపి, కింద ఏమీ రాయలేదు.

ఆగస్టులో మా దగ్గర అడవులు అంటుకుని నాలుగు రోజులు పొగ. శనివారం వీడియో కాల్‌లో అదే బాపుకు చెప్పింది: "ఇక్కడ కూడా వైట్ అయింది తాతయ్యా, పొగ వల్ల." మామూలుగా వీళ్ల మాటలు 'తిన్నవా', 'తిన్నా'తో అయిపోతాయి.

"మరి పొద్దు ఎట్లున్నది? ఎర్రగున్నదా?" అని అడిగాడు బాపు.

"మధ్యాహ్నం కూడా ఆరెంజే."

"అంటే ఆ పొగల సన్నటివి కూడ ఉన్నట్టే. పెద్దవే అయితే ఎర్రగ ఎందుకైతది?"

పిల్ల నా వైపు చూసింది. నేనేమీ అనలేదు. "ఆగు తాతయ్యా, చూసి చెప్తా" అని ఫోన్ పట్టుకుని కిటికీ దగ్గరికి పోయింది.